సీసా మీద పేరు మారుస్తున్నాం: అది మొలాసిస్ కాదు, చెరకు పాకం

బెంగళూరులోని మా కె.ఆర్.పురం అంగడికి వచ్చేవాళ్లకూ, వాట్సాప్‌లో ఆర్డర్ పెట్టేవాళ్లకూ నమస్కారం.

రెండేళ్లుగా మేము 'మొలాసిస్' అని లేబుల్ వేసి అమ్ముతున్న అరకిలో సీసాలో ఉన్నది మొలాసిస్ కాదు. మొలాసిస్ అంటే మిల్లులో చెరకు రసం నుంచి చక్కెర తీశాక మిగిలే నల్లటి జిగట. మాది చెరకు పాకం. అంటే దిమ్మ కట్టకముందే పొయ్యి మీంచి దించేసిన బెల్లం. సరుకు మంచిదే, కల్తీ లేదు, మా ఇంట్లో దోసెలకు మేమూ అదే వాడుతున్నాం. పేరే తప్పు. ఆ పేరు పెట్టింది కూడా మేమే. మండ్య వైపు నుంచి సరుకు పంపే గానుగ ఆయన మొదటి రోజు నుంచీ బిల్లులో 'లిక్విడ్ జాగరీ' అనే రాస్తున్నాడు. అప్పట్లో "మొలాసిస్ ఉందా అక్కా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. రెండూ ఒకటేలే అనుకుని ఆ పేరుతో లేబుళ్లు కొట్టించాం. తెలిసినవాళ్లను అడగలేదు, ఎక్కడా చదవలేదు.

ఈ సంగతి బయటపెట్టింది వైట్‌ఫీల్డ్‌లో ఇంటి దగ్గరే కేకులు చేసి అమ్మే ఒకావిడ. మాకు మొదటి నుంచీ ఉన్న కస్టమర్. క్రిస్మస్‌కి పది రోజుల ముందు ఒక సంచి పట్టుకుని వచ్చింది. అందులో మా సీసా, వాళ్ల చెల్లెలు అమెరికా నుంచి తెచ్చిన మొలాసిస్ సీసా, ఒక చిన్న డబ్బా ఉన్నాయి. కౌంటర్ మీదున్న స్టీలు పళ్లెం తీసుకుని రెండు సీసాల్లోంచి ఒక్కో చుక్క వేసి, పళ్లాన్ని కొంచెం వంచింది. మా చుక్క గబగబా జారి అంచు దాకా పోయింది. రెండోది సగం దూరంలోనే నిలబడి, తర్వాత మెల్లగా కదిలింది. సీసాలను ట్యూబ్‌లైటుకు అడ్డం పెట్టి చూపించింది. మా సీసాలోంచి ఎర్రగా వెలుతురు వస్తోంది. అవతలి సీసా తారులాగా నల్లగా ఉంది.

"వేలితో తీసుకుని నాలుక మీద పెట్టుకోండి అక్కా" అంది.

మాది తీయగా, గానుగ దగ్గర వాసనతో ఉంది. అవతలిది ముందు తీయగా తగిలి, వెంటనే మాడిన బెల్లం చేదు, దాని వెనకాల కాస్త ఉప్పదనం. చిన్న డబ్బాలో ఆవిడ మా సీసాతో చేసుకున్న బ్రౌన్ షుగర్ ఉంది. తెల్ల చక్కెరలో మొలాసిస్ కలిపితే బ్రౌన్ షుగర్ అవుతుంది. నూటికి మూడున్నర పాళ్లు కలిపితే లేతది, ఆరున్నర పాళ్ల దాకా కలిపితే ముదురు రంగుది. ఆవిడ కొలతలు సరిగ్గానే వేసింది. అయినా డబ్బాలోది తడిసిన చక్కెరలా ముద్దకట్టి, రంగు మాత్రం లేతగా ఉండిపోయింది. అల్లం బిస్కెట్లకు రావాల్సిన రంగు రాక రెండు ఆర్డర్లు మళ్లీ చేసి ఇవ్వాల్సి వచ్చిందట. కోపంగా అనలేదు. "మీకు చెప్పాలి కదా అని వచ్చాను" అంది. ఆ మాటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఆ రెండు ఆర్డర్ల ఖర్చు మేము ఇచ్చేశాం.

నేను పుట్టింది చిత్తూరు జిల్లాలో. మా నాయనకు ఎకరన్నర చెరకు ఉండేది. బెల్లం ఎలా వండుతారో నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. చెరకు పాలు పెనంలోకి పోసి, కింద ఎండిన పిప్పి ఎగదోస్తారు. కాస్త సున్నపు నీళ్లు వేస్తారు. బెండ కాడలు నలిపి ఆ జిగురు పోస్తే మురికంతా తెట్టులా పైకి తేలుతుంది. దాన్ని జల్లెడ గరిటెతో తీసి పారేస్తారు. ఆ తర్వాత ఇక కాగబెట్టడమే. పాకం 118 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి చల్లటి నీళ్లలో వేస్తే ఉండ కడుతుంది. అప్పుడు దించి కలియబెట్టి పోస్తే దిమ్మలు. అదే 105, 106 డిగ్రీల దగ్గర దించేస్తే గట్టిపడదు, సీసాలో పోసుకునే పాకం అవుతుంది. గడ్డకట్టకుండా అందులో చిటికెడు నిమ్మ ఉప్పు వేస్తారు. సిర్సి వైపు నుంచి బెంగళూరుకు వచ్చే 'జోని బెల్ల' కూడా ఈ రకమే.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. బెల్లం వండేటప్పుడు తెట్టూ నీళ్లూ తప్ప ఏదీ బయటికి పోదు. చెరకు పాలలో ఉన్న చక్కెరంతా బెల్లంలోనే, పాకంలోనే ఉంటుంది. మొలాసిస్ అలా కాదు. చెరకు పాలలోంచి చక్కెరను పలుకులుగా బయటికి లాగేశాక మిగిలే జిగట ద్రవం అది. కన్నడంలో దాన్ని కాకంబి అంటారు. ఇన్నేళ్లు చెరకు మధ్య పెరిగి కూడా నాకు ఈ తేడా పట్టలేదు. మా ఊళ్లో గానుగలే గానీ చక్కెర మిల్లు లోపలికి నేనెప్పుడూ వెళ్లలేదు.

మా చిన్నాన్న కొడుకు కర్ణాటకలోనే ఒక చక్కెర మిల్లు ల్యాబ్‌లో పని చేస్తాడు. వాడికి ఫోన్ చేస్తే "క్రషింగ్ జరుగుతోంది, ఆదివారం వచ్చేయ్ అక్కా, చూపిస్తా" అన్నాడు. నేనూ మా ఆయనా వెళ్లాం. మిల్లుకు ఇంకా రెండు కిలోమీటర్లు ఉందనగానే కారు అద్దాల్లోంచి ఆ వాసన వచ్చేసింది. తీపి, పులుపు, మాడు మూడూ కలిసిన వాసన.

చెరకు నలిపాక వచ్చిన రసాన్ని వేడి చేసి సున్నం, సల్ఫర్ డయాక్సైడ్ పట్టిస్తారు. మన దేశంలో తెల్ల చక్కెర ఎక్కువగా ఈ పద్ధతిలోనే తయారవుతుంది. మురికి అడుక్కు దిగిపోతుంది. తేరిన రసాన్ని వరుసగా ఉన్న పెద్ద పాత్రల్లో కాచి చిక్కబరుస్తారు. అక్కడి నుంచి వాక్యూమ్ పాన్‌లోకి. లోపల గాలి తీసేయడంతో అందులో 60, 70 డిగ్రీల వేడికే ఉడుకుతుంది, చక్కెర మాడదు. ఆ పాన్ దగ్గర నిలబడ్డ పెద్దాయన ఏదో కడ్డీ లాగి కొంచెం పాకం తీసి, అరచేయంత గాజు పలక మీద బొటనవేలితో పలచగా రాశాడు. పలకను దీపానికి ఎదురుగా పట్టుకుని నన్ను చూడమన్నాడు. గోధుమరంగు పొర మధ్యలో ఇసుక రేణువుల్లాంటి పలుకులు మెరుస్తున్నాయి. అన్నీ ఒకే సైజులో ఉండాలట. చిన్నాపెద్దా కలిసిపోతే తర్వాత యంత్రంలో సరిగా విడిపోవట. ఇంకో పది నిమిషాలు పడుతుందని ఆ పలక చూసే చెప్పేశాడు. పక్కనే మీటర్లు ఉన్నాయి, ఆయన వాటి వైపు చూడలేదు.

పలుకులు తయారైన ఆ ముద్దను గిర్రున తిరిగే జల్లెడ డ్రమ్ములో వేస్తారు. పలుకులు లోపల ఆగిపోతాయి, జిగట బయటికి చిమ్ముతుంది. మొదటిసారి వచ్చిన ఆ జిగట ఎ మొలాసిస్. అందులో ఇంకా బోలెడు చక్కెర ఉంటుంది. దాన్ని మళ్లీ పాన్‌లో ఉడికించి మళ్లీ చక్కెర తీస్తే మిగిలేది బి. మూడోసారి కూడా తీశాక మిగిలేది సి. ఇక దాన్నుంచి చక్కెర తీయడం మిల్లుకు గిట్టదు. మూడు వరసలూ దాటేసరికి రసంలో ఉన్న ఉప్పులూ, ఖనిజాలూ, మాడిన రంగూ అన్నీ అందులోనే పోగుపడతాయి. ఆవిడ తెచ్చిన సీసాలో చేదూ ఉప్పదనమూ ఎక్కడివో నాకు అక్కడ అర్థమైంది. టన్ను చెరకు ఆడిస్తే సుమారుగా క్వింటాలు చక్కెర, 40 నుంచి 45 కిలోల చివరి మొలాసిస్ వస్తాయి. విదేశాల్లో వంటకు అమ్మే సీసాల మీద లేతది, ముదురుది, బ్లాక్‌స్ట్రాప్ అని ఉండే పేర్లు కూడా దాదాపుగా ఈ మూడు వరసలవే.

క్వాలిటీ ఎలా చూస్తారని అడిగితే మా తమ్ముడు ల్యాబ్‌లోకి తీసుకెళ్లాడు. వాళ్ల లెక్క వేరు. మన దేశంలో మొలాసిస్‌కు మూడు గ్రేడులు. అందులో ఉన్న చక్కెరలన్నీ కలిపి కనీసం 50 శాతం ఉంటే ఒకటో గ్రేడు, 44 ఉంటే రెండు, 40 ఉంటే మూడు. బూడిద శాతం, చిక్కదనం కూడా చూస్తారు. రుచి, వాసన, రంగు ఆ లెక్కలోకి రావు. ఎందుకంటే కొనేది వంటవాళ్లు కాదు, డిస్టిలరీలు. వాళ్లకు కావాల్సింది పులిస్తే ఎంత స్పిరిట్ వస్తుందనేది. టన్ను సి మొలాసిస్ నుంచి సుమారు 225 లీటర్ల ఇథనాల్ వస్తుంది. మిల్లు పని ఎంత బాగా చేస్తే చక్కెర అంత ఎక్కువ బయటికి వస్తుంది, మొలాసిస్ గ్రేడు అంత పడిపోతుంది. అందుకే ఈ గ్రేడు నంబరు చూసి ఇది తినడానికి మంచిదా కాదా అని తేల్చలేం. ఎవరైనా 'గ్రేడ్ వన్ మొలాసిస్' అని చెప్పి మీకు డబ్బాలో అమ్మితే, ఆ మాటకు అర్థం ఏమిటో అడగండి.

నల్లబెల్లం అమ్మకాల మీద మన వైపు ఎందుకు ఆంక్షలున్నాయో మీకు తెలిసిందే, నాటుసారా. మొలాసిస్ మీద కూడా అదే కారణంగా ఎక్సైజ్ శాఖ కన్ను ఎప్పటి నుంచో ఉంది. ట్యాంకర్ కదలాలంటే పర్మిట్ కావాలి. జీఎస్టీ కూడా మొన్నమొన్నటి దాకా 28 శాతం, 2023 అక్టోబర్‌లోనే 5కు తగ్గింది. మిల్లులోంచి నేరుగా నాలుగు క్యాన్లు తెచ్చుకుని సీసాల్లో పోసి అమ్ముకుందామని మా ఆయన దారిలో అన్న మాట తిరుగు ప్రయాణంలో మళ్లీ ఎత్తలేదు.

పర్మిట్ ఒక్కటే కాదు. ఆ ట్యాంకు చూశాక నాకే మనసొప్పలేదు. మేడంత ఎత్తు ఇనుప ట్యాంకు, పైనుంచి గోడల మీదుగా నీళ్లు కారుతున్నాయి. వేడి 40 డిగ్రీలు దాటిపోతే లోపలి సరుకు తనంతట తానే చెడి నురగలు పొంగుతుందట, అందుకని ఎప్పుడూ చల్లబరుస్తూ ఉంటారు. డిస్టిలరీకి, పశువుల దాణాకు పోయే సరుకు అది, ఆ పనికి ఆ ఏర్పాటు సరిపోతుంది. పిల్లల కేకులో వేసే సరుకు అలా నిలవ ఉండకూడదు. పైగా సల్ఫర్ పట్టించిన రసం నుంచి వచ్చిన మొలాసిస్‌లో ఆ అవశేషం కూడా ఉంటుంది. వంటకు కావాలంటే సల్ఫర్ వాడకుండా, శుభ్రమైన స్టీలు పాత్రల్లో, మొదటి రెండు వరసల్లోంచి తీసింది కావాలి.

ఇంకో విషయం కూడా చెప్పేయాలి. సెప్టెంబర్‌లో కొందరు సీసా మూత ఉబ్బిందనీ, తెరిస్తే 'టప్' మని శబ్దం వచ్చిందనీ ఫోటోలు పంపారు. అప్పుడు సీసాలు మార్చి ఇచ్చాం గానీ కారణం వెతకలేదు. మిల్లు నుంచి వచ్చాక తేనె చిక్కదనం కొలిచే చిన్న రిఫ్రాక్టోమీటర్ కొన్నాం. గాజు మీద ఒక బొట్టు వేసి మూసి వెలుతురు వైపు చూస్తే గీత ఎక్కడుందో కనిపిస్తుంది. ఆవిడ తెచ్చిన మొలాసిస్ 79 బ్రిక్స్ చూపించింది. మా మంచి బ్యాచ్ సీసా 70. సెప్టెంబర్ బ్యాచ్‌లో మా దగ్గర మిగిలిన రెండు సీసాలు 64. బ్రిక్స్ అంటే నూటికి ఎన్ని పాళ్లు కరిగిన తీపి ఉందో, సుమారుగా ఆ లెక్క. మిగతాది నీళ్లు. నీళ్లు ఎక్కువైతే పులిసిపోతుంది. వానల రోజుల్లో పిప్పి తడిసి మంట సరిగా లేక, ఆ వంట ముందే దించేశారని గానుగ ఆయన ఒప్పుకున్నాడు. చూసుకోకుండా సీసాల్లో నింపింది మేము. ఇప్పుడు వచ్చిన ప్రతి క్యాన్‌కూ బొట్టు వేసి చూస్తున్నాం. 68 కన్నా తక్కువుంటే వెనక్కి పంపేస్తాం.

నాకు నిద్ర పట్టనివ్వని సంగతి వేరే ఉంది. రామ్మూర్తినగర్ నుంచి ఒక పెద్దాయన నెలకు రెండు సీసాలు తీసుకెళ్తారు. ఆయనకు షుగర్. "మొలాసిస్‌లో చక్కెర తీసేస్తారు కదమ్మా, నాకు పర్వాలేదుగా" అని ఒకసారి అడిగారు. నేను అవునన్నట్టు తలూపాను. లేబుల్ చదివి, నా మాట నమ్మి ఆయన కాఫీలో అదే వేసుకుంటున్నారు. మొన్న వాళ్లింటికి వెళ్లి విషయం చెప్పి క్షమాపణ అడిగాను. ఇలా ఇంకెవరైనా వాడుతుంటే దయచేసి ఇప్పుడే ఆపి మీ డాక్టర్‌తో మాట్లాడండి. మా పాకంలో నీళ్లు పోను మిగిలిందంతా దాదాపు చక్కెరే. అసలు మొలాసిస్ అయినా షుగర్ ఉన్నవాళ్లకు మందు కాదు. మూడుసార్లు చక్కెర తీశాక మిగిలిన దాంట్లో కూడా సగానికి దగ్గరగా చక్కెరలే ఉంటాయి.

ఐరన్ కోసం కొనేవాళ్లకూ ఒక మాట. మామూలు మొలాసిస్ 100 గ్రాముల్లో ఐరన్ 4.7 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. పెద్ద చెంచా అంటే 20 గ్రాములు, దాంట్లో ఒక మిల్లీగ్రాము కూడా నిండదు. మన దేశంలో ఆడవాళ్లకు రోజుకు 29 మిల్లీగ్రాములు కావాలని ఐసీఎంఆర్ చెబుతోంది. రక్తం తక్కువగా ఉందని డాక్టర్ మాత్రలు రాస్తే మాత్రలే వేసుకోండి. మా సీసాను వాటికి బదులుగా పెట్టుకోవద్దు. ఇంతకుముందు మా వాట్సాప్ స్టేటస్‌లో 'రక్తం పట్టే మొలాసిస్' అని పెట్టాం. అలా పెట్టడం తప్పు.

ఇక మేము చేస్తున్నవి. ఈ సోమవారం నుంచి సీసా మీద 'చెరకు పాకం' అని ఉంటుంది, కింద బ్రిక్స్ అంకె, వండిన నెల చేత్తో రాసి ఉంటాయి. అరకిలో ధర 40 రూపాయలు తగ్గిస్తున్నాం. మొలాసిస్ అన్న పేరుకు మేము వేసుకున్న ఎక్కువ అంతే. పాత లేబుల్ సీసా ఖాళీదైనా, సగం వాడిందైనా తెస్తే పూర్తి డబ్బు ఇస్తాం. దూరంగా ఉన్నవాళ్లు లేబుల్ ఫోటో పంపితే చాలు. బిల్లు అడగం. నెల మొత్తం మీద దీనికి ఎంతవుతుందో లెక్క వేసుకున్నాం. కష్టమే గానీ భరించగలం. సంక్రాంతికి అరిసెల బెల్లం బాగా అమ్మడంతో చేతిలో కాస్త డబ్బుంది.

మిగిలిన పాకాన్ని ఏం చేసుకోవాలని అడుగుతున్నారు. దోసెల్లోకి, ఇడ్లీల్లోకి, రాగి జావలోకి, పొంగనాల పిండిలోకి హాయిగా వాడుకోండి, దానికి అది చాలా బాగుంటుంది. కేకుల్లో మొలాసిస్ అని రాసిన చోట మాత్రం అదే కొలత వేయకండి. నీళ్లు ఎక్కువ, రంగు తక్కువ. వంటసోడాతో కలిసి పొంగడానికి మొలాసిస్‌లో ఉండేంత పులుపు గుణం ఇందులో ఉంటుందన్న నమ్మకం కూడా నాకు లేదు. తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా ముంచకండి.

అసలు మొలాసిస్ తెస్తారా అంటే, ప్రయత్నిస్తున్నాం. సల్ఫర్ వాడకుండా ముడి చక్కెర తీసే ఒక యూనిట్ నుంచి అయిదు లీటర్ల శాంపిల్ తెప్పించాం. రుచి బాగుంది, 80 బ్రిక్స్ దగ్గర చూపిస్తోంది. సల్ఫైట్ అవశేషాలకు, లోహాలకు ల్యాబ్‌కు పంపాం. రిపోర్ట్ వచ్చాక దాని ఫోటో కౌంటర్ దగ్గర అతికిస్తాం. బాగాలేకపోతే అమ్మం, ఆ సంగతి కూడా ఇక్కడే చెబుతాం. వైట్‌ఫీల్డ్ ఆవిడ ఆ శాంపిల్‌తో ఒక ట్రే అల్లం బిస్కెట్లు చేసి పంపింది. ఈ ఆదివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా అవి అంగడిలో ఉంటాయి. పక్కనే పళ్లెం, పాకం, రిఫ్రాక్టోమీటర్ కూడా పెడతాం. మీ ఇంట్లో సగం వాడిన సీసా ఉంటే తీసుకురండి, బొట్టు వేసి మీ కళ్లతోనే చూసుకోవచ్చు.